దొరల ప్రయాణ ఖర్చులు: బత్తా కోతల నుంచి ఓడ టిక్కెట్ల దాకా తరచుగా అడిగే ప్రశ్నలు

బ్రిటిష్ పాలనలో అధికారుల టూర్లకు, కొండ మకాములకు, సీమ (ఇంగ్లండు) ప్రయాణాలకు ఖజానా ఏమేమి భరించేది, ఆ ఖర్చు తగ్గించడానికి ఎవరేం చేశారు అన్న సందేహాలు పదేపదే వస్తున్నాయి. చరిత్ర విద్యార్థులు అడుగుతారు, పాత రికార్డులు తిరగేసేవారు అడుగుతారు, సర్వీసు పరీక్షలకు చదివేవారూ అడుగుతారు. ఇక్కడి జవాబులు ముఖ్యంగా 1922 నుంచి 1947 వరకు బ్రిటిష్ ఇండియాకు సంబంధించినవి. మన ఊళ్లతో నిజంగా ముడిపడిన చోట మద్రాసు రాజధాని (ప్రెసిడెన్సీ) విషయాలు కూడా చెప్పాం. ఏ ప్రశ్న నుంచి మొదలుపెట్టినా ఇబ్బంది లేదు.

## మొదట తెలుసుకోవలసినవి

ప్రయాణ సౌకర్యాలు అంటే అసలు ఏమేమి వస్తాయి?

నాలుగు రకాలు. ఒకటి, ఉద్యోగం మీద జిల్లాలో, రాజధానిలో తిరిగినందుకు ఇచ్చే ప్రయాణ భత్యం (టీఏ). రెండు, బదిలీ అయితే కుటుంబానికి, సామానుకు అయ్యే ఖర్చు. మూడు, ఎండాకాలంలో ప్రభుత్వం మొత్తం కొండమీదికి మకాం మార్చినప్పుడు అయ్యే ఖర్చు. నాలుగు, సెలవు మీద సీమకు వెళ్లి రావడానికి ఇచ్చే ఓడ టిక్కెట్లు.

పొదుపు గురించి చదివేటప్పుడు ఈ నాలుగింటినీ కలిపేయకూడదు. మొదటి రెండింటి మీద గుమాస్తా నుంచి కలెక్టరు దాకా అందరికీ నిబంధనలుండేవి, కోత పెట్టడం తేలిక. చివరి రెండూ పైస్థాయి వారివి. వాటి జోలికి వెళ్లడం చాలా కష్టమయ్యేది.

బత్తా, మైలేజీ, పర్మనెంట్ టీఏ: మూడూ ఒకటేనా?

కాదు. సదరు స్థానం (ఉద్యోగి ఆఫీసు ఉన్న ఊరు) వదిలి వెళ్లిన రోజుకు ఇంత అని ఇచ్చేది దినబత్తా. ప్రయాణించిన దూరాన్ని బట్టి మైలుకు ఇన్ని అణాలని, రైలైతే ఛార్జీ లెక్కన, ఇచ్చేది మైలేజీ. నిత్యం తిరగవలసిన ఉద్యోగికి నెలకు ఇంత అని కట్టేసి ఇచ్చేది పర్మనెంట్ టీఏ. తన పరిధిలో తిరిగినంత కాలం దీన్ని తీసుకునేవాడికి వేరే బత్తా గానీ మైలేజీ గానీ రాదు. వీటికి తోడు గుర్రం లేదా బండి పోషణకు ఇచ్చే భత్యం, కొన్ని సందర్భాల్లో అయిన ఖర్చు అయినట్టు చెల్లించడం కూడా ఉండేవి.

ఖర్చు అదుపు దృష్టితో చూస్తే ఒక్కో పద్ధతికి ఒక్కో లోపం. మైలేజీ ఇస్తే అవసరం లేకపోయినా తిరిగేవారు తయారవుతారు. పర్మనెంట్ టీఏ ఇస్తే బడ్జెట్ ముందే తెలుస్తుంది, కానీ కదలకుండా కూర్చున్నవాడికి డబ్బు మిగులుతుంది, అవసరమైన తనిఖీ జరగదు. అందుకే పర్మనెంట్ టీఏ ఉన్న పోస్టులకు టూరు డైరీలు అడిగి చూడడం తప్పనిసరి అయ్యేది.

టీఏ జీతంలో భాగమా? మిగిలితే ఉద్యోగి ఉంచుకోవచ్చా?

జీతంలో భాగం కాదు. 1922 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన ఫండమెంటల్ రూల్స్ (ప్రభుత్వోద్యోగుల సర్వీసు నియమాలు)లో 44వ నిబంధన దీన్ని తేల్చి చెప్పింది: ఇలాంటి భత్యాన్ని మొత్తం మీద చూస్తే తీసుకునేవాడికి లాభసాటి కాని విధంగా నిర్ణయించాలి. 'మొత్తం మీద' అన్న మాటే ఇక్కడ కీలకం. ఒక ప్రయాణంలో నాలుగు రూపాయలు మిగిలినా, మరో ప్రయాణంలో చేతి సొమ్ము పడినా లెక్క తిరగదోడరు. కానీ ఏడాది పొడుగునా మిగులుతూనే ఉంటే రేటు ఎక్కువగా ఉందని అర్థం. ఖర్చు తగ్గించడానికి వేసిన కోత కమిటీలన్నీ పట్టుకున్న దారం ఇదే.

## టూర్లు, బిల్లులు, వాటి మీద కోతలు

బిల్లు తగ్గించే అధికారం ఎవరికి ఉండేది? ఏం చూసేవారు?

ప్రతి టీఏ బిల్లు మీదా కంట్రోలింగ్ ఆఫీసరు (బిల్లును పరిశీలించి ఆమోదించే పై అధికారి) సంతకం ఉండాలి. ఆ సంతకం మొక్కుబడి కాదని ఫండమెంటల్ రూల్స్‌కు అనుబంధమైన సప్లిమెంటరీ రూల్స్ 195వ నిబంధన చెబుతుంది. ప్రయాణం అవసరమా, అన్నిసార్లు వెళ్లాలా, అన్ని రోజులు ఆగాలా అని ముందు తేల్చుకోవాలి. అనవసరమనిపిస్తే మొత్తంగా గానీ కొంత గానీ కొట్టేయాలి. తర్వాత రాసిన దూరాలు నిజమా కాదా, నిజంగా ఏ తరగతిలో ప్రయాణించాడో ఆ తరగతి రేటుకే రైలు మైలేజీ అడిగాడా లేదా అని సరిచూడాలి.

దారి విషయంలో నియమం చాలా సూటిగా ఉండేది. రెండు దారులుంటే దగ్గరి దారి లెక్కే కట్టాలి, రెండూ ఒకే దూరమైతే చవకైనది. ఆచరణలో బాగా పనిచేసిన పొదుపు మార్గం మాత్రం బిల్లు వచ్చాక కొట్టేయడం కాదు, టూరు ప్రోగ్రాం ముందే తెప్పించుకుని రెండు దగ్గరి గ్రామాల పని ఒకే మకాంలో పూర్తయ్యేలా మార్చడం. బిల్లులో కోత పడితే ఉద్యోగి నష్టపోతాడు, కానీ బండి అప్పటికే నడిచింది, పని దినాలు అప్పటికే పోయాయి.

5 మైళ్లు, 10 రోజులు, 20 మైళ్లు: ఈ హద్దులు ఎందుకు?

సదరు స్థానం నుంచి 5 మైళ్ల వ్యాసార్ధం దాటి వెళ్లని రోజుకు బత్తా లేదు. భోజనానికి ఇంటికి రాగలిగినవాడికి అదనపు ఖర్చు లేదన్నది దాని వెనుక లెక్క. ఒకే చోట వరుసగా 10 రోజులకు మించి మకాం వేస్తే ఆపైన మామూలుగా బత్తా రాదు. అన్ని రోజులు ఉండేవాడు వంటకూ వసతికీ చవకగా ఏర్పాటు చేసుకోగలడని ఊహ. రోడ్డు మీద ఒక రోజులో 20 మైళ్లకు మించి వెళితే ఆ రోజుకు బత్తా వదులుకుని మైలేజీ తీసుకోవచ్చు.

హద్దు పెట్టగానే దాని పక్కనే ఒక వంక పుడుతుంది. మైలు రాళ్లు లేని దారుల్లో ఐదో మైలు ఆరో మైలవుతుంది, పద్దెనిమిది ఇరవై ఒకటవుతుంది. పదో రోజు మకాం పక్క ఊరికి జరుగుతుంది. ఈ చివరిదాన్ని ఆపడానికే, 5 మైళ్లకు మించిన దూరంలో కొన్ని రాత్రులు గడిపితే తప్ప మకాం తెగినట్టు లెక్కించకూడదన్న షరతు వచ్చింది. జిల్లా దూరాల పట్టీని పక్కన పెట్టుకుని బిల్లు చూసే గుమాస్తా ఉన్న ఆఫీసులో ఈ వంకలు సాగవు. అది లేని చోట ఎన్ని నిబంధనలున్నా ఫలితం అంతంత మాత్రమే.

బత్తా బదులు మైలేజీ తీసుకుంటే ఎంత తేడా వచ్చేది? ఒక లెక్కతో చెప్పగలరా?

ఉదాహరణకు రోజు బత్తా 5 రూపాయలు, మైలుకు 8 అణాలు అనుకుందాం. రూపాయికి 16 అణాలు. అధికారి 18 మైళ్లు వెళితే 20 దాటలేదు కాబట్టి బత్తా 5 రూపాయలే. 22 మైళ్లు వెళితే మైలేజీకి మారవచ్చు: 22 ఎనిమిదులు 176 అణాలు, అంటే 11 రూపాయలు. నాలుగు మైళ్లు పెరిగితే బిల్లు రెట్టింపు దాటింది.

అందుకే ఖర్చు తగ్గించాలనుకున్న ప్రభుత్వం ముందు రెండు దారులు ఉంటాయి: మైలు రేటు తగ్గించడం, లేదా మజిలీలు 20 మైళ్ల లోపు ఉండేలా టూరు వేయమనడం. మొదటిది ఒక్క ఉత్తర్వుతో అయిపోతుంది. రెండోదానికి ప్రతి జిల్లాలో ఎవరో ఒకరు కూర్చుని పటం చూడాలి. సహజంగానే మొదటిదే ఎక్కువ జరిగేది.

రైలు ప్రయాణంలో పొదుపు ఎక్కడ సాధ్యమైంది?

ఆనాటి రైళ్లలో ఫస్టు, సెకండు, ఇంటరు, థర్డు అని నాలుగు తరగతులు. ఏ గ్రేడు ఉద్యోగికి ఏ తరగతో నిబంధనల్లో ఉండేది. పైగా నౌకరు టిక్కెట్టు, సామాను కూలీ వంటివి కలిసివచ్చేలా టిక్కెట్టు ధరకు మించి ఇచ్చేవారు. అధికారికి అతి తేలికగా దొరికే లాభం ఏమిటంటే, పై తరగతికి అర్హత ఉండి కింది తరగతిలో వెళ్లి, పై తరగతి బిల్లు పెట్టడం. 'నిజంగా ప్రయాణించిన తరగతి' అన్న మాట నిబంధనల్లో చేరింది ఇందుకే. పెద్ద అధికారుల రిజర్వు పెట్టెలు, సెలూన్లు (ప్రత్యేక రైలు పెట్టెలు) వేరే సంగతి. వాటి ఖర్చు టీఏ పద్దులో కనిపించకపోవచ్చు కాబట్టి, టీఏ తగ్గిందంటే ప్రయాణ ఖర్చంతా తగ్గినట్టేనని అనుకోకూడదు.

బదిలీల ఖర్చు ఎందుకంత ఎక్కువ?

మామూలు టూరుకు ఒక్కడి ఖర్చే. బదిలీకి అధికారి తనకు ఒకటికి మించిన ఛార్జీలు, కుటుంబంలో ఒక్కొక్కరికీ ఛార్జీ, గ్రేడును బట్టి ఇన్ని మణుగుల సామాను రవాణా, గుర్రం లేదా బండి తరలింపు అడగవచ్చు. అందువల్ల రేట్లు కోయడం కన్నా బదిలీలు తగ్గించడమే పెద్ద ఆదా. సెలవు మీద వెళ్లిన ఒక్క అధికారి స్థానంలోకి మరొకరు, ఆయన స్థానంలోకి ఇంకొకరు ఇలా గొలుసుగా కదిలితే ఒక్క సెలవుకు మూడు నాలుగు బదిలీ బిల్లులు పడతాయి. ఉన్న ఊళ్లోనే ఒకరికి అదనపు బాధ్యత అప్పగిస్తే ఆ గొలుసు తెగుతుంది.

మోటారు కార్లు వచ్చాక ఖర్చు తగ్గిందా, పెరిగిందా?

రెండూ జరిగాయి. గుర్రం మీద, ఎడ్లబళ్ల మీద డేరాలతో సాగే కేంపుకు బత్తాలు ఎక్కువ, బంట్రోతులూ బళ్లూ ఎక్కువ. కారులో వెళ్లి రాత్రికి ఇల్లు చేరితే ఆ ఖర్చు పోతుంది, కానీ మైలేజీ పెరుగుతుంది. బస్సులు తిరిగే దారుల్లో అయితే ఒక సీటు టిక్కెట్టుకు, పాత మైలు రేటుకు పొంతనే ఉండదు. గుర్రపు రోజుల రేటును బస్సు రోజుల్లోనూ చెల్లించడమంటే భత్యాన్ని లాభంగా మార్చడమే. బస్సులో సీటు కొనుక్కుని వెళితే తక్కువ రేటు అన్న సవరణలు రావడానికి కారణం అది.

డబ్బులో కనిపించని నష్టం ఒకటుంది. డేరా వేసుకుని ఊళ్లో రెండు రాత్రులు ఉన్న అధికారికి తెలిసే సంగతులు, కారు దిగి కాగితాలు చూసి వెళ్లిన వాడికి తెలియవు.

గోదావరి, కృష్ణా డెల్టాల్లో పడవల మీద టూర్లు చేసేవారట, అది చవకా?

కాలువలు ఉన్న చోట చవకే. ఇరిగేషన్ అధికారులకు పడవే ఆఫీసు, పడవే బస. సామాను ఎక్కించి దించే కూలీ లేదు, డేరాలు మోసే బళ్లు అక్కర్లేదు, పైగా చూడవలసిన లాకులు, గట్లు దారిలోనే ఉంటాయి. పడవ మరమ్మతు, పడవవాళ్ల జీతాలు మాత్రం వేరే పద్దులో పడతాయి. రెండూ కూడకుండా టీఏ మాత్రమే చూస్తే డెల్టా టూరు ఉన్నదానికన్నా చవకగా కనిపిస్తుంది.

దొర కేంపుకు ఊరివాళ్లు పెట్టిన ఖర్చు ఎక్కడ రాశారు?

చాలా వరకు ఎక్కడా రాయలేదు. కేంపు వస్తోందంటే బళ్లు, కట్టెలు, కుండలు, పాలు, కోళ్లు, పశువులకు గడ్డి సిద్ధం చేయించే భారం గ్రామోద్యోగుల మీద పడేది. డబ్బు ఇవ్వాలని నిబంధన ఉన్నా, అది కింది నౌకర్ల చేతులు దాటి ఇచ్చినవాడికి చేరుతుందన్న హామీ లేదు. చేరినా సర్కారు కట్టిన ధరే, బజారు ధర కాదు. వ్యవసాయపు పని మధ్యలో ఎద్దులను రెండు రోజులు కేంపుకు తోలితే ఆ రైతుకు పోయిన పని ఏ బిల్లులోనూ ఉండదు.

వెట్టి మీద అంత కోపం రావడానికి ఇదే మూలం. బ్రిటిష్ పాలన నేరుగా లేని నిజాం రాజ్యంలోనూ అధికారి దౌరా (టూరు) అంటే తెలంగాణ పల్లెకు ఇదే బాధ. 1930లో జోగిపేటలో మొదలైన ఆంధ్ర మహాసభల్లో వెట్టి పదేపదే చర్చకు వచ్చింది. బత్తా తగ్గించిన ఏడాది కేంపు ఖర్చు నిజంగా తగ్గిందా, లేక ఆ భారం ఊరి మీదికి జరిగిందా అన్నది తప్పక వేసుకోవలసిన ప్రశ్న. ప్రయాణ ఖర్చుల చరిత్రను ఖజానా లెక్కలతోనే రాస్తే అసలు చెల్లించినవాళ్లు అందులో కనబడరు.

## కొండ మకాములు

వేసవిలో ప్రభుత్వం కొండలకు ఎందుకు వెళ్లేది? దాన్ని ఆపడం ఎందుకు కుదరలేదు?

వైస్రాయి జాన్ లారెన్స్ 1864లో సిమ్లాను వేసవి రాజధానిగా స్థిరపరిచాడు. మద్రాసు ప్రభుత్వానికి ఊటీ, బొంబాయికి మహాబలేశ్వర్, బెంగాల్‌కు డార్జిలింగ్ అలాంటివే. సిమ్లాకు 1903లో, ఊటీకి 1908లో రైలు చేరింది.

ఖర్చు ఒక్క ప్రయాణంతో పోయేది కాదు. అధికారులు, గుమాస్తాలు, బంట్రోతులు, ఫైళ్ల పెట్టెలు పోనూ రానూ కదలాలి. కొండ మీద అదనపు భత్యం ఇవ్వాలి. రెండు చోట్లా ఆఫీసులు, ఇళ్లు కట్టి ఉంచాలి. గంజాం నుంచో కడప నుంచో అర్జీ పట్టుకుని మద్రాసు వెళ్లినవాడికి అధికారి ఊటీలో ఉన్నాడని తెలిస్తే ఆ ఖర్చు అతనిది. చట్టసభల్లో భారతీయ సభ్యులు ఏళ్ల తరబడి దీన్ని విమర్శించారు. అయినా నిర్ణయించేవారే కొండ మీద హాయిగా ఉండేవారు కాబట్టి పూర్తిగా ఆపడం వారికి రుచించలేదు. తీసుకెళ్లే ఆఫీసుల సంఖ్య తగ్గించడమే ఆచరణలో దొరికిన మధ్యేమార్గం. సిమ్లాకు పూర్తిస్థాయి తరలింపు రెండో ప్రపంచ యుద్ధ కాలంలో గానీ ఆగలేదు.

## సీమ ప్రయాణాలు

లీ కమిషన్ ఇచ్చిన ఓడ టిక్కెట్లు ఏమిటి?

పైస్థాయి సర్వీసుల పరిస్థితులు పరిశీలించడానికి 1923లో నియమించిన లీ కమిషన్ 1924లో నివేదిక ఇచ్చింది. పైస్థాయి సర్వీసుల్లో ఆసియా స్థిరనివాసం కాని అధికారికి సర్వీసు మొత్తంలో నాలుగుసార్లు సీమకు పోనూ రానూ టిక్కెట్లు, భార్యకూ అన్నే, ఒక్కో బిడ్డకు ఒకవైపు టిక్కెట్టు ఒకటి ఇవ్వాలంది. ప్రమాణంగా తీసుకున్నది పి అండ్ ఓ అనే ఓడల కంపెనీ ఫస్టు క్లాసు 'బి' ఛార్జీ. అంతకు ముందు ఈ ఖర్చు అధికారి జీతంలోంచే పోయేది.

ఒక పక్క కోతలు పెడుతూ మరో పక్క ఈ సౌకర్యం ఎలా ఇచ్చారు?

చాలామందికి వింతగా తోచేది ఇదే. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత లోటు బడ్జెట్లు వరసగా రావడంతో లార్డ్ ఇంచ్‌కేప్ అధ్యక్షతన ఖర్చు తగ్గింపు కమిటీ వేశారు. 1923లో అది సుమారు 19 కోట్ల రూపాయల కోతలు సూచించింది, అందులో సగానికి పైగా సైన్యం మీద. పురుషోత్తమదాస్ ఠాకూర్‌దాస్, రాజేంద్రనాథ్ ముఖర్జీ అందులో సభ్యులు. ఇంచ్‌కేప్ అప్పటికి పి అండ్ ఓ కంపెనీ ఛైర్మన్ కూడా.

కోతల నివేదిక వచ్చిన మరుసటి ఏడే ఓడ టిక్కెట్ల సిఫారసు వచ్చింది. ప్రభుత్వం చెప్పిన కారణం: ధరలు పెరిగాయి, సీమ నుంచి ఐసీఎస్ (ఇండియన్ సివిల్ సర్వీస్)కు రావడానికి యువకులు ముందుకు రావడం లేదు, ఉన్నవారు ముందే రాజీనామా చేస్తున్నారు. ఆ ఇబ్బంది నిజమే. కానీ అదే ధరల పెరుగుదల తాలూకా గుమాస్తాకూ తగిలింది, అతనికి దక్కింది కోత. పొదుపు పేరుతో జరిగిన దానిలో అన్యాయం ఎక్కడుందో తెలుసుకోవాలంటే ఈ రెండు నివేదికలనూ పక్కపక్కన పెట్టి చదవాలి.

చట్టసభ తిరస్కరించింది కదా, అయినా ఎలా అమలైంది?

1924 సెప్టెంబరులో కేంద్ర శాసనసభలో మోతీలాల్ నెహ్రూ తెచ్చిన సవరణ నెగ్గింది, లీ సిఫారసులను సభ కాదంది. కానీ సెక్రటరీ ఆఫ్ స్టేట్ (లండన్‌లో ఇండియా వ్యవహారాలు చూసే మంత్రి) నియమించే అధికారుల జీతాలు, పెన్షన్లు 1919 భారత ప్రభుత్వ చట్టం ప్రకారమే సభ ఓటుకు రావు. 1925లో వచ్చిన సివిల్ సర్వీసుల చట్టం ఆ రక్షణను ఇతర చెల్లింపులకూ విస్తరించింది. అంటే సభ చర్చించగలదు, రూపాయి తగ్గించలేదు. సభ్యుల చేతిలో మిగిలింది ఓటుకు వచ్చే పద్దులే. కోత తీర్మానాలు కింది ఉద్యోగుల టీఏ మీద, ఆఫీసు ఖర్చుల మీద ఎక్కువగా పడడానికి ఇదొక కారణం.

టిక్కెట్టు వాడకపోతే డబ్బిచ్చేవారా?

లేదు. అధికారి పేర ఒక ఖాతా నడిచేది, టిక్కెట్టు విలువ అందులోంచి తగ్గేది. చవక టిక్కెట్టు కొంటే మిగిలినది మరో ప్రయాణానికి పనికొస్తుంది తప్ప చేతికి రొక్కంగా రాదు. ఇది మంచి ఏర్పాటు. రొక్కం ఇచ్చి ఉంటే అది మారువేషంలో జీతం పెంపే అయ్యేది.

## 1931 తర్వాత

1931లో ఏమేం తగ్గించారు?

ప్రపంచ మాంద్యం దెబ్బకు ఆదాయం పడిపోయింది. ఖర్చు తగ్గింపు సలహా సంఘం ఉపసంఘాలుగా విడిపోయి ఒక్కో శాఖనూ జల్లెడ పట్టింది. జనరల్ పర్పసెస్ ఉపసంఘానికి సర్ అబ్దుర్ రహీమ్ అధ్యక్షుడు. 1931 డిసెంబరు నుంచి జీతాల్లో తాత్కాలికంగా 10 శాతం కోత పెట్టారు. 1933లో అది 5 శాతమైంది, 1935లో ఎత్తేశారు. ప్రయాణ పద్దుల మీద కూడా ఒత్తిడి పెరిగింది. గుర్తుంచుకోవలసిన తేడా ఒకటుంది: జీతం కోతకు గడువు ఉంటుంది, అది తిరిగొస్తుంది. టీఏ రేటు మారిస్తే, ఆ మార్పును ఎత్తేసే ఉత్తర్వు వేరుగా వచ్చేదాకా అదే నిలుస్తుంది.

1937లో కాంగ్రెస్ మంత్రులు వచ్చాక మారిందా?

1931లో కాంగ్రెస్ కరాచీలో చేసిన తీర్మానం మామూలుగా నెలకు 500 రూపాయలకు మించి జీతం ఉండకూడదంది. ఆ మాట ప్రకారం 1937లో మద్రాసులో రాజాజీ, టంగుటూరి ప్రకాశం, బెజవాడ గోపాలరెడ్డి వంటి మంత్రులు 500 రూపాయల జీతానికే పనిచేశారు. ఇల్లు, కారు భత్యం వేరు. వారి కింద పనిచేసిన ఐసీఎస్ కలెక్టరు జీతం మాత్రం వారికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ, పైగా దాన్ని తాకే అధికారం మంత్రికి లేదు. తమ మీద తాము పెట్టుకోగలిగిన పొదుపును వారు పెట్టుకున్నారు, అది చిన్న విషయం కాదు.

1947 తర్వాత ఇవన్నీ ఏమయ్యాయి?

టూరు నిబంధనలు దాదాపు అలాగే నిలిచాయి. పాత 5 మైళ్లే ఇప్పటి 8 కిలోమీటర్లు. భత్యం లాభసాటి కాకూడదన్న సూత్రం ఇప్పటికీ ఉంది. సెక్రటరీ ఆఫ్ స్టేట్ నియమించిన పాత అధికారుల సర్వీసు షరతులకు రాజ్యాంగం 314వ అధికరణం రక్షణ ఇచ్చింది, 1972లో 28వ సవరణ దాన్ని తొలగించింది. 1956లో కేంద్ర ఉద్యోగులకు ఎల్‌టీసీ (సెలవు ప్రయాణ రాయితీ) వచ్చింది. సొంతూరికి వెళ్లి రావడానికి సర్కారు సాయం అన్న ఆలోచన అప్పుడు కింది ఉద్యోగి దాకా చేరింది.

పాత టీఏ బిల్లు చేతికొచ్చింది, ఎలా చదవాలి?

మొదట బయలుదేరిన చోటు, తేదీ, గంట. తర్వాత చేరిన చోటు, గంట. ఆ తర్వాత రైలా, ఓడా, రోడ్డా. దాని పక్కన మైళ్లు లేదా ఛార్జీ, బత్తా రోజులు, పని ఏమిటో, చివర మొత్తం. మొత్తాలు రూపాయలు, అణాలు, పైలుగా మూడు గడుల్లో ఉంటాయి: 12 పైలు అణా, 16 అణాలు రూపాయి. గడులు సాధారణంగా ఇవే, వరస ఆఫీసును బట్టి మారవచ్చు.

ఎర్ర సిరాతో కొట్టేసిన అంకె కనబడితే అక్కడ ఆగండి. కోత ఎందుకు పడిందో పక్కన చిన్న అక్షరాల్లో రాసి ఉండవచ్చు: దూరం తప్పు, హద్దు లోపల, మకాం గడువు దాటింది. 'పని' గడిలో జమాబందీ (ఏటా శిస్తు లెక్కలు తేల్చే పని), తనిఖీ, విచారణ అని ఏది రాశారో చూసి, అదే తేదీకి ఆ ఊరి రెవెన్యూ రికార్డుల్లో అధికారి వచ్చిన జాడ ఉందేమో వెతకండి. ఒకే నెలలో కలెక్టరు బిల్లును, ఆయన వెంట వెళ్లిన బంట్రోతు బిల్లును కలిపి చదివితే ఇంకా మంచిది. ఒకే దారికి ఇద్దరికీ వచ్చిన మొత్తాలను, ఇద్దరి బిల్లుల్లో పడిన కోతలను పక్కపక్కన రాసుకోండి.